57 ఎం/16

తొంభైల చివర్లో బెంగళూరులో రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాల నుంచి నేలని చూసి చదివే విద్య) మీద ఏ సదస్సు జరిగినా, కాఫీ విరామం ఇచ్చిన ఐదు నిమిషాల్లో హాలు బయట ఏదో ఒక మూల నుంచి తెలుగు వినపడేది. ముందు ఇద్దరు ఇంగ్లీషులోనే పలకరించుకునేవాళ్లు. మెడలో వేలాడే బ్యాడ్జీ మీద ఇంటిపేరు చూసి ఒకాయన "ఏ ఊరండీ మీది?" అనేవారు. ఇక చూస్కోండి, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేరిపోయేవాళ్లు.

ఇందులో వింతేమీ లేదు. అప్పటి నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లో. మన ఉపగ్రహాల డేటా దిగేది షాద్‌నగర్‌లో. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ జియో ఇంజినీరింగ్ శాఖ, హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ ఈ చదువు చెప్పేవి. ఇటు బెంగళూరులో ఇస్రో ప్రధాన కార్యాలయం ఉంది, కాగితం మ్యాపుల్ని డిజిటైజ్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రైవేటు కంపెనీలు అప్పుడప్పుడే వీధికొకటి చొప్పున తెరుస్తున్నారు. చదువుకున్న పిల్లలు ఇంకెక్కడికి వస్తారు? నేనూ అలా రైలెక్కినవాణ్ణే. మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. జియాలజీ చదివి, ఉద్యోగం మ్యాపుల్లో దొరికింది.

అప్పటి సదస్సుల్లో మొదటి పూట గురించి చెప్పుకోడానికి ఏమీ ఉండదు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద కుర్చీలు చాలనంత మంది పెద్దలు, అందరికీ శాలువాలు. "సమయాభావం వల్ల క్లుప్తంగా మాట్లాడతాను" అన్న ప్రతి ఒక్కరూ అరగంట తీసుకునేవారు. నష్టపోయేది మధ్యాహ్నం పేపరు చదవాల్సిన రీసెర్చ్ స్కాలర్. పాపం, పదిహేను నిమిషాలు ఇస్తామని చెప్పి చివరికి ఐదు నిమిషాల్లో ముగించమనేవాళ్లు. ఆ పిల్ల అప్పటికే ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద ట్రాన్స్‌పరెన్సీ తిరగేసి పెట్టి, టెన్షన్‌తో సరిచేసుకుంటూ ఉండేది.

అసలు సరుకంతా పోస్టర్ల దగ్గర ఉండేది. హైదరాబాద్ వాళ్లు కాచిగూడ రైల్లో పొడవాటి గొట్టాలు భుజాన వేసుకుని దిగేవాళ్లు. గొట్టం విప్పితే లోపల ఐఆర్ఎస్ అనే మన రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహాల చిత్రాలు. మా తరానికి అదొక పండగ. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి వెళ్లిన ఐఆర్ఎస్-1ఏ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 72 మీటర్ల పైచిలుకు. దాని రెండో కెమెరాకి 36. 1995 డిసెంబర్‌లో ఎగిరిన 1సీ వచ్చేసరికి నలుపు తెలుపుల్లో 5.8 మీటర్లకి దిగింది. అప్పట్లో పౌర ఉపగ్రహాల్లో అంత స్పష్టంగా చూపించేది ఇంకొకటి లేదు. ఆ మాట చెప్పేటప్పుడు బాలానగర్ వాళ్ల గొంతులో కొంచెం గర్వం వినపడేది. పడనీయండి, తప్పేముంది.

ఒకసారి కాఫీ కప్పులు తీసుకెళ్లే కుర్రాడు ఒక పోస్టర్ ముందు ఆగిపోయాడు. చిత్తూరు వైపు వాడు. "ఏం సార్, ఇదంతా తగలబడిపోయిందా?" అన్నాడు. కావేరి డెల్టా అది, మొత్తం ఎర్రగా ఉంది. మా రంగంలో పచ్చటి పైరు ఎర్రగానే కనిపిస్తుంది. కంటికి కనపడని పరారుణ కిరణాల్ని ఆకు బాగా తిప్పికొడుతుంది కాబట్టి వాటికి ఎరుపు రంగు ఇస్తాం, పైరు ఎంత ఏపుగా ఉంటే అంత ఎరుపు. వాడు శ్రద్ధగా విని, "మరి పచ్చగా చూపిస్తే ఏం పోయింది సార్?" అన్నాడు. ఆ రోజు సెషన్లలో అంతకన్నా మంచి ప్రశ్న నేను వినలేదు.

మా రోజువారీ పని మాత్రం పోస్టర్లంత అందంగా ఉండేది కాదు. బల్లంత డిజిటైజర్ మీద సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (కొండలు, వాగులు, రోడ్లు అన్నీ చూపించే మ్యాపు కాగితం) టేపుతో అంటించి, చేతిలో మౌస్ లాంటి పక్ పట్టుకుని, దాని అద్దంలోని ప్లస్ గుర్తుని గీత మీదుగా జరుపుతూ బటన్ నొక్కుకుంటూ పోవడం. ముందు నాలుగు మూలలూ రిజిస్టర్ చేయాలి. వానాకాలంలో కాగితం సాగి, మూలలు ఎంత తప్పాయో చెప్పే ఆర్ఎంఎస్ ఎర్రర్ పెరిగిపోయేది. 1:50,000 షీట్ మీద మిల్లీమీటరు జరిగితే నేల మీద యాభై మీటర్లు జరిగినట్టే.

ఇక బెంగళూరుకి ఒక తలనొప్పి ఉంది. 13వ అక్షాంశం సరిగ్గా ఊరి మీద నుంచే పోతుంది. పైభాగం 57 జీ/12 నంబరు షీట్‌లో, కింది భాగం 57 హెచ్/9లో పడుతుంది. మల్లేశ్వరం దగ్గర ఊరు రెండు ముక్కలు. రెండు షీట్లూ కలిపితే పై నుంచి వచ్చిన రోడ్డు కింది రోడ్డుకి కలవదు. ఇరవై మీటర్ల ఎత్తుకొకటి చొప్పున గీసే కాంటూరు గీతల్లో ఒకటి అంచు దాకా వచ్చి మాయమైపోతుంది. వీటిని కలపడాన్ని ఎడ్జ్ మ్యాచింగ్ అంటారు. ఏ గీతని ఎటు లాగాలన్నది సూపర్‌వైజర్ ఇష్టం. నేను రోజూ బస్సులో దాటే రోడ్డుని అంచు దగ్గర తెగ్గొట్టి, మళ్లీ అతికించి జీతం తీసుకునేవాణ్ణి.

కాఫీ దగ్గర చేరే తెలుగు గుంపుకి మాట్లాడుకోడానికి ఇలాంటి బాధలు బోలెడు. ఇంటికి పట్టుకెళ్లేదీ అక్కడ విన్నదే. ముఖ్యంగా 295, 736, 257.

ఈ మూడు అంకెల సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. మన టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాతకాలంలో వేసుకున్న లెక్క) మీద, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ మూలబిందువుగా లెక్కగట్టినవి. జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్-84 అనే ప్రపంచమంతటికీ వేసిన లెక్కలో. మొదటిదాన్ని రెండోదానికి మార్చాలంటే ఎక్స్, వై, జెడ్ దిక్కుల్లో ఎన్ని మీటర్లు జరపాలో తెలియాలి. మన దేశంలో ఆ విలువలు పైకి చెప్పేవాళ్లు కాదు. అమెరికా రక్షణ శాఖ మ్యాపింగ్ ఏజెన్సీ వేసిన పట్టికలో మాత్రం భారత్, నేపాల్ పేరిట ఆ మూడు అంకెలూ ఉన్నాయి, పది పదిహేను మీటర్లు అటూ ఇటూగా. మన ఊళ్లో దొరకని లెక్క వాళ్ల పుస్తకంలో దొరికేది. చిత్తుకాగితం మీదో, విజిటింగ్ కార్డు వెనకో రాసుకుని ఒకరికొకరం ఇచ్చుకునేవాళ్లం.

2000 మే దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అమెరికా కావాలనే సిగ్నల్‌లో పెట్టిన తేడా వల్ల చేతి జీపీఎస్‌లు వంద మీటర్ల దాకా తప్పు చూపించేవి, కాబట్టి ఏ తప్పు ఎవరిదో తెలిసేది కాదు. ఆ నెల మొదట్లో వాళ్లు ఆ తేడా తీసేశారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఫీల్డులో తీసుకొచ్చిన పాయింట్లన్నీ మ్యాపు మీద ఒకే దిక్కుకి, ఇంచుమించు రెండొందల మీటర్లు జరిగి కూర్చునేవి. చెరువు గట్టు మీద నిలబడి తీసిన పాయింటు నీళ్లలో ఉండేది. ఆ ఏడాది ఏ సదస్సుకి వెళ్లినా కాఫీ దగ్గర ఇదే గోల.

మా గుంపుకి పెద్దదిక్కు ఒక రిటైర్డ్ సర్వేయరు. గుంటూరు వైపు ఆయన. సర్వే ఉద్యోగంలో ప్లేన్ టేబుల్ (అక్కడికక్కడే మ్యాపు గీసే బల్ల) మోసుకుంటూ అడవులన్నీ తిరిగారు. మేమంతా మాస్టారూ అనేవాళ్లం. "ఏం అబ్బాయ్, 295 పెట్టావా? ప్లస్సో మైనస్సో చూసుకున్నావా? నీ సాఫ్ట్‌వేర్ అటు నుంచి ఇటు లెక్కడుగుతుందో, ఇటు నుంచి అటు అడుగుతుందో ముందు కనుక్కో" అనేవారు. గుర్తు తారుమారైతే తప్పు రెట్టింపవుతుంది. సాఫ్ట్‌వేర్ ముట్టుకోని మనిషి ఆ మాట చెప్పడం మాకు ఆశ్చర్యం.

మా ఊరి షీట్ నంబరు ఆయన నోటి లెక్కతోనే చెప్పారు. కందుకూరు అక్షాంశ రేఖాంశాలు అడిగి, కళ్లు మూసుకుని, "57 ఎం/16. కింది వరసలో చివరి గడి. కానీ నీకివ్వరు" అన్నారు.

అదే అప్పటి నిబంధన. సముద్ర తీరం నుంచీ, దేశం సరిహద్దు నుంచీ దాదాపు ఎనభై కిలోమీటర్ల లోపలి టోపోషీట్లన్నీ రిస్ట్రిక్టెడ్. ప్రభుత్వ శాఖలకి, అదీ రాతపూర్వకంగా పూచీ ఇచ్చి, బీరువాలో తాళం వేసి, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టుకుని వాడుకోవాలి. నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం, కాకినాడ, విశాఖ ఏవీ బయటికి రావు. చెన్నై మహానగరం మొత్తం రాదు. బెంగళూరు తీరానికి దూరం కాబట్టి కోరమంగళలోని సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకి వెళ్లి డబ్బు కడితే షీట్ చేతికిచ్చేవాళ్లు. పరాయి ఊరి సందులన్నీ నేను గీయొచ్చు, పుట్టిన ఊరి చెరువు మాత్రం చూడకూడదు.

కానీ ఉపగ్రహ చిత్రానికి అలాంటి అడ్డు లేదు. 2001లో వచ్చిన విధానం ప్రకారం 5.8 మీటర్ల దాకా ఎవరైనా కొనుక్కోవచ్చు. ఒక సదస్సు ఎగ్జిబిషన్‌లో గోడంత ఆంధ్ర తీరం చిత్రం పెట్టారు. ముందు సముద్రం, ఇసుక మేటలు కనిపించాయి. అక్కణ్ణుంచి పడమరకి మన్నేరు పట్టుకుని వెళ్తే రాళ్లపాడు రిజర్వాయరు నల్లగా, స్పష్టంగా కనపడింది. దాని ఆధారంతో కిందికి జరిగితే వేలి గోరంత మరక ఒకటి ఉంది. మా చెరువు. సగం నీళ్లే ఉన్నాయి. చిత్రం ఏ నెలలో తీశారో మూల ఉన్న తేదీ చూడకుండానే చెప్పగలను, మార్చికి మా చెరువు అంతే ఉంటుంది. స్టాల్ అమ్మాయి "ఏమైనా కావాలా సార్?" అని అడిగేదాకా అక్కడే నిలబడిపోయాను.

చిత్రం కొనుక్కోవచ్చు, మ్యాపు కొనుక్కోకూడదు. ఏ సదస్సులో ప్రశ్నలకి సమయం ఇచ్చినా ఎవరో ఒకరు లేచి దీని గురించే అడిగేవారు. వేదిక మీద నుంచి "ఈ విషయం పరిశీలనలో ఉంది" అనే జవాబు వచ్చేది. ఆ జవాబుకి చివరి వరసల్లో నవ్వులు. నవ్వేవాళ్లలో ప్రభుత్వ శాఖల వాళ్లే ఎక్కువ. వాళ్లకీ ఆ తాళాలతో విసుగే.

ఒక ఏడాది చెన్నై గిండీలో సెమినార్ పడింది. గిండీ ఇంజినీరింగ్ కాలేజీ మొదలైందే 1794లో సర్వే స్కూలుగా, కాబట్టి మా రంగం వాళ్లకి అది పుట్టింటి కింద లెక్క. రెండో రోజు మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టించి మాస్టారు మమ్మల్ని సెయింట్ థామస్ మౌంట్‌కి తీసుకెళ్లారు. మెట్లు ఎక్కుతూ ఆయన ఆయాసపడలేదు, మేం పడ్డాం. పైన చర్చి ఆవరణలో విలియం లాంబ్టన్ విగ్రహం ఉంది. 1802 ఏప్రిల్ 10న ఆ గుట్ట దగ్గర్నుంచే ఆయన బేస్‌లైన్ (మిగతా లెక్కలన్నిటికీ ఆధారమైన గీత) కొలవడం మొదలుపెట్టారు. హిమాలయాల దాకా సాగిన గ్రేట్ ట్రిగనమెట్రికల్ సర్వేకి అది మొదటి గీత.

మాస్టారు చేత్తో గాల్లో చూపిస్తూ చెప్పారు. వంద అడుగుల ఉక్కు గొలుసు. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి కొయ్య పెట్టెల్లో పెట్టి, పెట్టె పెట్టెకీ థర్మామీటరు ఉంచి, వేడిని బట్టి లెక్క సరిచేస్తూ ఏడున్నర మైళ్లు. అంటే గొలుసు నాలుగొందలసార్లు ఎత్తి పెట్టాలి. ఆ తర్వాత గొలుసుతో పని లేదు, అర టన్ను బరువున్న థియోడలైట్‌తో కోణాలు కొలుస్తూ త్రిభుజాల మీద త్రిభుజాలు. పడమటి తీరం చేరేసరికి ద్వీపకల్పం వెడల్పు అప్పటిదాకా మ్యాపుల్లో వేసుకున్నదానికన్నా నలభై మైళ్లు తక్కువని తేలింది. 1804లో బెంగళూరు దగ్గర ఇంకో బేస్‌లైన్ వేసి సరిచూశారు. మద్రాసు నుంచి లెక్కగట్టి తెచ్చిన పొడవుకీ, నేల మీద గొలుసు చెప్పినదానికీ తేడా నాలుగు అంగుళాలు కూడా లేదు.

"మీ ఎడ్జ్ మ్యాచింగ్ ఎంత తేడా వస్తోంది అబ్బాయ్?" అన్నారు మాస్టారు. ఎవరం మాట్లాడలేదు. కింద మీనంబాకంలో విమానం దిగుతోంది, దాన్ని చూస్తున్నట్టు నటించాం.

దిగేటప్పుడు అదే సర్వేలో పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ గురించి అడిగాను. శిఖరానికి పేరు ఆయనదే కానీ ఆ సర్వేలో ఆయన పని మొదలైంది మన దగ్గరే. 1819లో కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో త్రిభుజాలు వేయడానికి పంపితే, వానాకాలం జ్వరం పట్టుకుని దాదాపు చచ్చి బతికాడు. "ఆయనకీ, ఆయన ఖలాసీలకీ కలిపి జ్వరం. పేరు మాత్రం ఆయన ఒక్కడికే" అన్నారు మాస్టారు. మాస్టారు ముప్పై ఏళ్లు ఖలాసీలతో గుడారాల్లో బతికిన మనిషి.

2004 ఫిబ్రవరిలో జీఎస్‌డీఐ (గ్లోబల్ స్పేషియల్ డేటా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్) ప్రపంచ సదస్సు, అది ఏడోది, బెంగళూరుకి వచ్చింది. దేశదేశాల వాళ్లు, మంచి భోజనాలు, ప్రాదేశిక సమాచారం, అంటే మ్యాపుల డేటా, అందరికీ అందుబాటులో ఉండాలని ఉపన్యాసాలు. ఒక విదేశీ పెద్దమనిషి మా గుంపులోకి వచ్చి ఇండియా మ్యాపు డేటా ఏ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలని అమాయకంగా అడిగాడు. ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలో తెలియక కాఫీ తెచ్చిచ్చాం.

మరుసటి ఏడాదే రెండు జరిగాయి. ప్రభుత్వం కొత్త మ్యాపు విధానం తెచ్చి, షీట్లని అందరికీ ఓపెన్ సిరీస్, రక్షణ అవసరాలకి డిఫెన్స్ సిరీస్ అని రెండుగా విడదీసింది. ఓపెన్ సిరీస్ డబ్ల్యూజీఎస్-84లోనే వస్తుంది కాబట్టి మా 295, 736, 257కి విలువ పడిపోయింది. రెండోది గూగుల్ ఎర్త్. ఆ తర్వాత సదస్సుల్లో పోస్టర్ల ముందు జనం పలచబడ్డారు. గొట్టాలు మోసుకొచ్చేవాళ్లు తగ్గారు. బీరువాలో తాళం పడి ఉన్న ఊళ్లన్నీ ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకి ఇరవై రూపాయలిస్తే కనిపిస్తున్నాయి. మాస్టారు ఒకసారి నా పక్కన కూర్చుని తను సర్వే చేసిన కొండని తెర మీద అటూ ఇటూ తిప్పి చూశారు. "దీని మీదకి నీళ్లు మోయించడానికి ఎంత అవస్థ పడ్డామో" అన్నారు. వెంటనే ఇంకో కొండ అడిగారు. ఆయనకి ఏడుపేమీ లేదు, సరదాగా ఉంది.

2016 వేసవిలో జియోస్పేషియల్ సమాచార నియంత్రణ బిల్లు ముసాయిదా వచ్చినప్పుడు మాత్రం అందరికీ దడ పుట్టింది. అనుమతి లేకుండా ప్రాదేశిక సమాచారం సేకరించినా పంచినా జైలు, వంద కోట్ల దాకా జరిమానా అన్నారు. వంద కోట్లు! మా గుంపులో అందరి జీతాలూ కలిపినా ఆ అంకెలో సున్నాలు కూడా రావు. బెంగళూరులో స్టార్టప్ కుర్రాళ్లు, పాత సర్వే ఉద్యోగులు, ప్రొఫెసర్లు ఒకే గదిలో కూర్చుని ఒకే మాట మాట్లాడటం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ బిల్లు చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలు పూర్తిగా అటు తిరిగాయి: భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా మ్యాపులు చేసుకోవచ్చు. మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఒకరు "ఈ విషయం పరిశీలనలో ఉంది" అని పెట్టారు. దాని కింద నవ్వే బొమ్మలు ఎన్నో.

ఇప్పటి సదస్సులు ఎలా ఉన్నాయంటే, బాగున్నాయి. డ్రోన్లు, లైడార్, ఏఐ, తెరలన్నీ వెలిగిపోతూ ఉంటాయి. జ్యోతి ప్రజ్వలన మాత్రం అలాగే ఉంది. నాకు నచ్చనిది ఒక్కటే, కాఫీ విరామంలో అందరూ ఫోన్లు చూసుకుంటారు. అడిగి తెలుసుకోవాల్సిన అంకె ఏదీ మిగల్లేదు మరి.

ఈ మధ్య ఒక స్టాల్ దగ్గర కదిరి కుర్రాడు దొరికాడు. "సార్, ఈ 57 అంటే ఏంటి సార్?" అన్నాడు పాత షీట్ చూసి. నాలుగు డిగ్రీల గడి, అందులో ఏ నుంచి పీ దాకా ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు గడులు, ఒక్కో దాంట్లో మళ్లీ పదహారు షీట్లు అని కాగితం మీద గీసి చూపించాను. కదిరి 57 జే/4లో పడింది. తీరానికి దూరం, కాబట్టి వాడి ఊరికి ఎప్పుడూ తాళం లేదు. వాడు పుట్టకముందే కొనుక్కోవచ్చు.

నాకు మాత్రం మా ఊరి మ్యాపు చేతికొచ్చింది వేరే దారిలో. 2018లో స్టేట్ ఆఫ్ ది మ్యాప్ ఆసియా బెంగళూరులో జరిగింది. ఎవరైనా గీయగలిగే ఇంటర్నెట్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల పండగ అది. టీషర్టులు, ల్యాప్‌టాప్‌లు, శాలువాలు లేవు. పక్కన కూర్చున్న పిల్ల ఎలా గీయాలో చూపిస్తే మా ఊరు తెరిచాను. ఖాళీ. చెరువు గట్టు పట్టుకుని మౌస్‌తో నొక్కుకుంటూ వెళ్లాను, పాత పక్ పట్టుకున్న చేతికి ఆ పని కొత్త కాదు. చెరువుకి పేరు తెలుగు లిపిలోనే పెట్టి, లింకు తమ్ముడికి పంపాను.

గంటలో ఫోన్ వచ్చింది. "అన్నా, ఆ పేరు మన వీధి వాళ్లే అంటారు. పైవీధి వాళ్లు కోమటి చెరువంటారు, వాళ్లు చూస్తే గొడవ పెట్టుకుంటారు" అన్నాడు. రెండో పేరు కూడా చేర్చాను. తర్వాత వాగు మీద చప్టా కొట్టుకుపోయిందన్నాడు, పాత ఉపగ్రహ చిత్రంలో ఇంకా ఉంది. అది తీసేశాను. ఇప్పటికీ ఏదో ఒకటి పట్టుకుంటాడు. పోయిన నెల శ్మశానం దారి సంగతి ఎత్తాడు: పంచాయతీ కాగితాల్లో ఒక దారి, జనం నడిచేది ఇంకో దారి. ఏది గీయాలని అడిగితే, "నడిచేదే గియ్, పాడె కాగితాల మీద నుంచి పోదుగా" అన్నాడు. ఆదివారం బండి మీద తిరిగి జీపీఎస్ ట్రాక్ పంపుతానన్నాడు, పెట్రోల్ డబ్బులు నేనివ్వాలట.